ఢిల్లీ జియా సరాయ్ ఇంటి యజమానిగారికి బహిరంగ విన్నపము

మహారాజరాజశ్రీ యజమానిగారి సముఖమునకు, తమ ఇంట అద్దెకున్న ఒకానొక తెలుగు విద్యార్థి సవినయముగా వ్రాసికొను లేఖ.

నీళ్ల మోటారు ప్రొద్దుట ఏ వేళకు వేయుదురో తెలుపవలసినదని మాలో ఒకరు మెట్లగోడమీద అంటించిన కాగితమును తమరు స్వహస్తములతో చించివేసితిరి. అదే సంగతి వాట్సాప్ గ్రూపులో పలువురు విన్నవించుకొనగా, నాటినుండి అందు అడ్మిన్ తప్ప అన్యులు మాటాడరాదని కట్టడి చేసితిరి. గోడ తమది, గ్రూపు తమది. అందు వివాదము లేదు. రాజ్యాంగమున 19వ అధికరణము వాక్‌స్వేచ్ఛకై హద్దు గీచినది ప్రధానముగా ప్రభుత్వమునకే గాని ఇంటి యజమానులకు గాదని, దానిని కంఠస్థము చేయుటకే ఇంత దూరము వచ్చిన మాకు తెలియనిది కాదు.

2023 జనవరి 3న కౌశల్ కిశోర్ కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తులలో నలుగురు, 19, 21 అధికరణముల హక్కులను ప్రభుత్వేతరులమీద సైతము అమలు పరచుకొనవచ్చునని తీర్పు చెప్పిన మాట నిజమే. తమరు కలత చెందవలదు. జస్టిస్ నాగరత్నగారి భిన్నాభిప్రాయము తమ పక్షమున నున్నది, మోటారు స్విచ్చికై సుప్రీంకోర్టు మెట్లెక్కు స్తోమతు మాకు లేదు.

మా సీమలో 2013 మే నెలలో, చీరాల శాసనసభ్యుని గూర్చి ఫేస్‌బుక్కులో వ్రాసినందుకు పౌరహక్కుల నాయకురాలు జయా వింధ్యాలగారిని ఐ.టి. చట్టపు 66ఎ సెక్షను క్రింద అరెస్టు చేసిరి. చిరాకు, అసౌకర్యము వంటి హద్దెరుగని మాటలతో అల్లిన ఆ సెక్షనును శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టివేసినది. తమ మెట్లమీద మాత్రము అది నేటికిని చెక్కు చెదరక వర్తించుచున్నది.

గోడ శుభ్రముగా నుండవలెనను పట్టుదలయే దీనికి కారణమందుమా, అదే గోడమీద నెట్, గేట్ కోచింగువారి పోస్టర్లు పొరమీద పొరగా పేరుకొని, అడుగున సున్నమున్నదో లేదో తెలియకున్నది. ర్యాంకు ఖాయమనువారికి అచట చోటున్నది. నీళ్లు లేవనువారికి లేదు. తమను దూషించు కాగితమును, అబద్ధపు వ్రాతను తమ గోడమీద భరింపవలెనని ఎవరును కోరరు. కాని అద్దెదారుల అవసరములకే పెట్టిన గ్రూపులో అద్దెదారుడే నోరు మెదపరానిచో, దండోరా వినుటకు మేము నెలనెలా అద్దె చెల్లించుచున్నట్లగును.

కావున మా ప్రార్థన స్వల్పము: మెట్లక్రింద, కరెంటు మీటర్ల ప్రక్కన, ఒక నల్లబల్ల వ్రేలాడదీయింపుడు. నచ్చనిది తుడిచివేయు అధికారము తమదే. తుడుచుటకు ముందు ఒకమారు చదివిన చాలును.

ఇట్లు విధేయుడు. పేరు వ్రాయలేదు, తమకు తెలుగు రాదను ధీమా యున్నను, డిపాజిట్టు తమవద్దనే యున్నది.