సింగ్టోను తిట్టిన ఏడాది

2023-24 ఐఎస్ఎల్ ఫుట్‌బాల్ సీజన్ పొడుగునా నేను తిట్టిన మనిషి థాంగ్‌బోయ్ సింగ్టో. హైదరాబాద్ ఎఫ్‌సీ కోచ్. దిల్‌సుఖ్‌నగర్‌లో చాయ్ తాగుతూ తిట్టాను, ఎల్బీనగర్ మెట్రోలో వేలాడుతూ తిట్టాను, పడుకోబోయే ముందు ఫోన్లో స్కోరు చూసి మళ్ళీ తిట్టాను. 22 మ్యాచ్‌లలో ఒక్కటే గెలుపు, 16 ఓటములు, 8 పాయింట్లు, పట్టికలో అట్టడుగు స్థానం. రెండేళ్ళ కిందట ఐఎస్ఎల్ కప్పు ఎత్తిన జట్టు ఇంత దిగజారిందంటే ఎవడో ఒకడు దాన్ని ముంచి ఉండాలి. టీవీలో మైదానం గీత పక్కన నిలబడి కనిపించేది ఆయనొక్కడే.

ఆ కప్పు సంగతి చెప్పకపోతే నా కోపం అర్థం కాదు. 2022 మార్చి 20, గోవాలోని ఫటోర్డా స్టేడియం. కేరళ బ్లాస్టర్స్ ముందు గోలు కొట్టింది. ఇక అయిపోయిందనుకున్నప్పుడు, 88వ నిమిషంలో, మన సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టి స్కోరు సమం చేశాడు. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. కరోనా మూలంగా ఆ సీజన్ మ్యాచ్‌లన్నీ గోవాలోనే జరిగాయి కాబట్టి మన జట్టు ఛాంపియన్ అవుతుంటే మనం టీవీ ముందే కూర్చున్నాం. మన జట్టు ఫార్వర్డ్ ఓగ్బెచే ఆ ఏడు 18 గోల్స్ కొట్టాడు. కోచ్ మనోలో మార్కెజ్. ఆ రాత్రే నా బుర్రలో ఒక లెక్క స్థిరపడిపోయింది: జట్టు గెలిస్తే కోచ్ గొప్ప, ఓడితే కోచ్ దండగ. తర్వాత నేను చేసిన తెలివితక్కువ పనులన్నిటికీ మూలం ఆ లెక్కే.

2023లో మనోలో గోవా జట్టుకు వెళ్ళిపోయాడు. 2020 నుంచి ఆయన పక్కనే సహాయకుడిగా ఉన్న సింగ్టో చేతికి పగ్గాలు వచ్చాయి. "ఇన్నేళ్ళు పక్కన కూర్చుని ఏం నేర్చుకున్నాడు?" అన్నది నేను అందరి దగ్గరా వేసిన ప్రశ్న. అందరినీ వెనకాల కూర్చోబెడతాడు, బంతి దొరకగానే గాల్లోకి కొట్టిస్తాడు, మార్పులు ఆలస్యంగా చేస్తాడు. చాయ్ బండి మీద గ్లాసులు పేర్చి, జట్టును ఎట్లా నిలబెట్టాలో స్నేహితులకు చూపించేవాణ్ణి. మాట మాటకీ రహీం సాబ్‌ని తెచ్చేవాణ్ణి. సయ్యద్ అబ్దుల్ రహీం 1943 నుంచి 1963లో కన్నుమూసేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును నడిపాడు, 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు తెచ్చాడు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో తలకు దెబ్బ తగిలి కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందు వరసలో ఆడించి భారత జట్టుకు స్వర్ణం గెలిపించాడు. అట్లాంటి ఊరికి ఇట్లాంటి కోచా అని నా బాధ.

గచ్చిబౌలిలో ఒక మ్యాచ్ నన్ను ఇప్పటికీ వదలలేదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రోలో అమీర్‌పేట, అక్కడ మారి రాయదుర్గం, అక్కడినుంచి ఆటో. స్టాండ్లు ఖాళీగా ఉంటే దిగి ముందు వరసకు వచ్చాను. అది అథ్లెటిక్స్ స్టేడియం, మధ్యలో పరుగుల ట్రాక్ అడ్డం. సింగ్టో ఒక కుర్రాణ్ణి లోపలికి పంపబోతూ భుజం మీద చెయ్యేసి చెవిలో ఏదో చెప్తున్నాడు. ఆ కుర్రాడు తల ఊపుతూ, కాలి మేజోళ్ళు పైకి లాక్కుంటూ, చొక్కా లోపలికి దోపుకుంటూ, మళ్ళీ బయటికి తీస్తూ ఉన్నాడు. ఎంత భయపడుతున్నాడో అంత దూరం నుంచి కూడా తెలుస్తోంది. నేను మాత్రం గొంతు చించుకుని "పంపవయ్యా, ఇంకెప్పుడు పంపుతావు" అని అరిచాను. ఆయన తిరిగి చూడలేదు.

ఆ వారమే మా మామ ఇంటికి భోజనానికి వెళ్ళాను. నా గోడు విని ఆయన అడిగింది ఒకటే: "అల్లుడా, వాళ్ళకు జీతాలు పడుతున్నయా?"

పడటం లేదని నాకు తెలుసు. పేపర్లలో వచ్చింది. పాత బాకీలు తీర్చనందుకు కొత్త ఆటగాళ్ళను నమోదు చేసుకోకుండా ఫిఫా క్లబ్బు మీద నిషేధం పెట్టింది. జనవరి వచ్చేసరికి విదేశీ ఆటగాళ్ళు దాదాపు అందరూ సర్దుకున్నారు. చింగ్లెన్‌సనా, యాసిర్ లాంటి మన జాతీయ జట్టు ఆటగాళ్ళూ వేరే క్లబ్బులకు వెళ్ళారు. మిగిలింది ఇంకా మీసాలు సరిగా రాని పిల్లలు. ఇదంతా చదివి కూడా సాకుల కింద కొట్టేశాను. "జీతం రాకపోతే బంతి పాస్ ఇచ్చుడు మర్చిపోతరా మామా?" అన్నాను.

ఆయన చాలాసేపు పలకలేదు. ఒకప్పుడు ఆయన పనిచేసిన ఫ్యాక్టరీ మూతబడే ముందు నెలల తరబడి జీతాలివ్వలేదు. "పని మర్చిపోలేదురా నేను. మిషన్ ముందల నిలబడితే ఇంటి కిరాయి గుర్తొచ్చేది, అంతే" అన్నాడు. అత్తమ్మ ఇంకొంచెం పప్పు వడ్డించింది. నాకు ముద్ద దిగలేదు.

రహీం సాబ్ పేరు వాడుకున్నందుకు ఇంకా ఎక్కువ సిగ్గుపడుతున్నాను. ఆయన దగ్గర ఆడినవాళ్ళు పోలీసు ఉద్యోగులు. గెలిచినా ఓడినా, కాలు బెణికినా, నెల తిరిగేసరికి జీతం వచ్చేది. అయిదేళ్ళు అదే జట్టు కలిసి ఆడగలిగిందంటే ఆయన ప్రతిభతో పాటు ఆ భరోసా కూడా కారణమే. సింగ్టో చేతిలో పెట్టిందేమో నెల నెలా మనుషులు తగ్గిపోయే జట్టు. బంతి దొరకని పిల్లలతో ఆడేటప్పుడు వెనక్కి తగ్గి కాచుకోవడం తప్ప ఏ కోచ్ అయినా ఏం చేస్తాడు? మార్పులు ఆలస్యమయ్యాయంటే బెంచీ మీద కూర్చున్నది ఎవరో నేను చూడలేదని అర్థం.

మామ మాట విన్నాక కూడా నా తీరు మారలేదు. 2024 డిసెంబర్‌లో సింగ్టోను పంపేశారని తెలిసి సంబరపడ్డాను కూడా. ఆయన స్థానంలో షమీల్ చెంబకత్ వచ్చాడు. 2024-25 సీజన్ ముగిసేసరికి 13 జట్లలో మనది 12వ స్థానం. 2025లో క్లబ్బు ఊరే మార్చేసి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

అభిమానుల కోపానికి బలం ఉంటుంది. టికెట్లు కొనేది మనం, జెర్సీలు వేసుకునేది మనం. నా వంతు కోపాన్నంతా జీతాలు లేకుండా పిల్లల్ని నిలబెట్టుకుంటూ వచ్చిన ఒక మనిషి మీద ఖర్చు పెట్టాను. బాకీలు ఎప్పుడు తీరుస్తారని ఆ 2023-24 సీజన్‌లో యాజమాన్యానికి ఒక్క ఉత్తరం రాయలేదు, ఒక్క అట్టముక్క మీద కూడా ఆ ప్రశ్న రాసి స్టాండ్‌లో పట్టుకోలేదు. వెళ్ళిపోదలచినవాళ్ళు జనవరిలోనే వెళ్ళిపోయారు. సింగ్టో 2024 ఏప్రిల్‌లో ఆ సీజన్ చివరి మ్యాచ్ దాకా ఆ గీత పక్కనే ఉన్నాడు. ఆ మ్యాచ్‌కి నేను వెళ్ళలేదు, ఓడిపోయే ఆట ఎందుకు చూడాలని.