రూపాయిని పరీక్షకు పంపడం ఎలా?

ముందు ఒక పాత నాణెం కావాలి. అమ్మమ్మ పెట్టెలో అడుగున ఉంటుంది, వెతకండి. నాకు దొరికింది 1945 నాటి ఆరో జార్జి రూపాయి. 1940లోనే రూపాయిలో వెండిని సగానికి దించేశారు కాబట్టి తూకానికి వేసినా పెద్దగా రాదు. అయినా మార్కులు వేయించాల్సిందే. మార్కులు లేని వస్తువునైనా, మనిషినైనా మనం నమ్మం కదా.

నేనుండే అమెరికాలో ఈ మార్కులు వేసే కంపెనీల్లో పెద్దవి రెండు. పీసీజీఎస్ 1986లో, ఎన్‌జీసీ ఆ మరుసటి ఏడు మొదలయ్యాయి. మొత్తం మార్కులు 70. విలియం షెల్డన్ అనే ఆయన 1949లో అమెరికా పాత రాగి సెంట్ల కోసం వేసిన లెక్క ఇది. ఒక్క మార్కు నాణేనికి ఎంతో, డెబ్బై మార్కులదానికి అంతకు డెబ్బై రెట్లు ధర. ఆ ధరలు ఎప్పుడో పోయాయి, మార్కులు మిగిలాయి. ఎవరి నాణేనికైనా 65 వచ్చిందంటే, "మిగతా అయిదు ఎక్కడ పోయాయి?" అని నా నోరు దానంతటదే అడుగుతుంది. ఎంసెట్ ఇళ్లలో పెరిగినవాళ్లం.

ఇక అసలు సూత్రం: పంపేముందు బాగా తోమండి. మాసిన చీరతో పిల్లని పెళ్లిచూపులకు కూర్చోబెడతామా? అమ్మకు ఫోన్ చేస్తే, "విభూతి పెట్టి రుద్దరా నాన్నా, కుందుల్లా మెరుస్తుంది" అంది. రుద్దాను. ఎనభై ఏళ్లు నింపాదిగా పట్టిన నలుపు, అంచున కాస్త నీలం, కాస్త ఇటుక రంగు, అన్నీ పది నిమిషాల్లో వదిలాయి. ఆ రంగులు చూసే ఎక్కువ డబ్బిచ్చేవాళ్లున్నారని తర్వాత తెలిసింది. దీపం కింద కాస్త వాల్చి చూస్తే రాజుగారి బుగ్గ మీద వెంట్రుకల్లాంటి గీతలు. అన్నీ ఒకే వైపు, నా బొటనవేలు తిరిగిన వైపు.

ఇంత చదువుకుని ఎందుకు తోమానంటే జవాబు లేదు. వెయ్యేళ్ల గుడి స్తంభానికి ఎనామిల్ పెయింటు వేస్తే "ఎంత కళ వచ్చిందో" అని మురిసేవాళ్లలో నేనూ ఉన్నాను. తాత వాచీకి కొత్త డయల్ వేయించిందీ నేనే.

కవరు మెత్తగా ఉండేదే కొనండి. ఆ మెత్తదనం పీవీసీది. కొన్నాళ్లకి నాణెం మీద పచ్చటి జిగురు తేలుతుంది. గట్టి మైలార్ కవరు ఇలాంటి కానుకలేమీ ఇవ్వదు.

అట్ట చట్రంలో పెట్టి స్టేప్లర్ కొట్టండి. పిన్నులు పీకేటప్పుడు రాజుగారి ముక్కు మీద ఇంకో గీత.

టేపు సంగతి మనకొకరు చెప్పాలా? ఆవకాయను నూనె చుక్క కారకుండా సముద్రాలు దాటించినవాళ్లం. నేనూ ఒక చుట్ట మొత్తం చుట్టి తీసుకెళ్తే, పోస్టాఫీసు కౌంటర్లో ఆవిడ వేలితో ఒకసారి నొక్కి చూసి పెట్టెను నా వైపు జరిపింది. ఇక్కడ రిజిస్టర్డ్ మెయిల్‌కి ప్లాస్టిక్ టేపు చెల్లదు. అతుకుల మీద కొట్టే ముద్ర సిరా దానికి అంటదు. కాగితం టేపే వేయాలి. అంతా చింపి, అక్కడే మూల నిలబడి మళ్లీ కట్టాను.

పెట్టె మీద "పాత నాణేలు, జాగ్రత్త" అని పెద్దక్షరాలతో రాయండి. దొంగకు వెతుకులాట తప్పుతుంది.

ఊపితే గలగలమనాలి. లోపల ఉందని ధైర్యం.

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో విదేశాలకు పంపాలనుకునేవాళ్లకు మాత్రం వెటకారం లేకుండా ఒక మాట. నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని సొంతంగా దేశం దాటించడం నేరం.

నా రూపాయి తిరిగొచ్చింది. అద్దంలాంటి ప్లాస్టిక్ బిళ్లలో బిగించి, పైన చీటీతో. చీటీ మీద అంకె లేదు. తోమిన నాణేలకు అంకె వేయరట, "డీటెయిల్స్, క్లీన్డ్" అని రాసి పంపుతారు. ఫీజు, పోస్టేజీ, బీమా కలిపితే రూపాయి వెలను దాటాయి.

వీడియో కాల్‌లో అమ్మకు చూపించాను. "చూశావా, ఎలా మెరుస్తోందో!" అంది. చీటీ మీద ఏం రాశారో చదివి వినిపించలేదు.