ముప్పు మీది, ఫైలు మాది

మన కోర్టులు బహిరంగ కోర్టులు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 153-బి సెక్షన్ సాక్షిగా ఇది నిజం. ఎవరైనా లోపలికి పోవచ్చు, వెనక బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చోవచ్చు. కేసు వాయిదా పడటం కళ్లారా చూడొచ్చు. వాయిదా నాడు మళ్లీ పోయి, మళ్లీ వాయిదా పడటమూ చూడొచ్చు. ఇంత బహిరంగంలోనూ బయటపడనిది ఒక్కటే, బెంచి క్లర్కు బల్ల మీద తాడుతో కట్టిపెట్టిన ఫైలు. అసలు సంగతంతా అందులోనే ఉంటుంది మరి!

శ్రీరాంపూర్ వాళ్లకు ఇది వింతగా తోస్తే తప్పు లేదు. ఇక్కడ దాగే ముచ్చటంటూ ఉండదు. ఆర్కే-5లో పొద్దటి షిఫ్టుకు ఎవరు నాగా పెట్టిండ్రో, ఎవరు మెడికల్ అన్‌ఫిట్ అయిండ్రో సాయంత్రానికల్లా చాయ్ హోటల్లో తెలిసిపోతుంది. భూమి అడుగున ఎంత లోతులో ఎంత బొగ్గుందో సింగరేణి లెక్కగట్టి చెబుతుంది. అదే భూమి పైన, నస్పూర్ దిక్కున రెండు వందల గజాల జాగ మీద దావా నడుస్తున్నదా అని అడిగితే మాత్రం చెప్పే నాథుడు లేడు.

అడిగేది ఊసుపోక కాదు. ముప్పై ఏండ్లు బాయి దిగి రిటైరైన మనిషి గ్రాట్యుటీ పైసలు పట్టుకుని జాగ కొందామనుకుంటాడు. బుద్ధిమంతుడు కనుక ముందు ఈసీ తీయిస్తాడు. ఈసీ తెల్లగా ఉంటుంది. ఎందుకుండదు? రిజిస్టరైన కాగితాలు ఈసీలో కనబడతాయి గానీ, సివిల్ కోర్టులో నడుస్తున్న దావా అందులోకి ఎక్కి తీరాలన్న నియమం లేదు. బయానా ఇచ్చి, రిజిస్ట్రేషన్ చేయించుకుని, పిల్లర్లు లేపాక అప్పుడు తెలుస్తుంది, అమ్మినాయన మీద ఆయన తమ్ముడు ఎప్పుడో భాగపంపిణీ దావా వేశాడని.

అప్పుడు చట్టం నిద్ర లేస్తుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ ప్రకారం దావా నడుస్తుండగా కొన్నవాడు ఆ దావా తీర్పుకు కట్టుబడాల్సిందే. నాకు తెలియదంటే కుదరదు, ఎవరూ చెప్పలేదన్నా కుదరదు. డిక్రీ పట్టుకుని కోర్టు అమీనా గడపలోకి వస్తే అడ్డుపడే హక్కు కూడా లేదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరు 102వ రూలు ముందే తలుపేసి పెట్టింది. సరే, చట్టం చట్టమే. దావా సంగతి తెలుసుకోకపోవడం కొన్నవాడి నేరమైతే, తెలుసుకునే దారి చూపించడం ఎవరి బాధ్యత? ఆ మాట దగ్గరికి వచ్చేసరికి చట్టానికి మళ్లీ కునుకు పడుతుంది.

బొంబాయి వాళ్లకు ఈ అనుమానం 1939లోనే వచ్చింది. దావా వేసినవాడు ఆ సంగతి రిజిస్ట్రేషన్ ఆఫీసులో నమోదు చేయిస్తేనే కొన్నవాడి మీద 52వ సెక్షన్ పని చేసేట్టు సవరణ చేసుకున్నారు. మనం తొందరపడే జాతి కాదు. ఇంకా ఆలోచిస్తున్నాం.

ఇక ఆ రిటైరైన పెద్దమనిషి ఆటో ఎక్కి కోర్టుకు పోయాడనుకుందాం. ఏ ఊరి కోర్టని అడగకండి. రాష్ట్రంలో ఎక్కడికి పోయినా పాఠం ఇదే.

“సారూ, ఫలానా సర్వే నంబరు మీద కేసేమన్న ఉన్నదా?”

“ఓఎస్ నంబరెంత?”

“నంబరు తెలిస్తే మీ దాకెందుకు వస్త సారూ?”

“నంబరు లేకుంట ఎట్ల చూస్తం? నువ్వు వాదివా, ప్రతివాదివా?”

“ఏదీ కాదు సారూ. కొందామనుకుంటున్న.”

“అయితే నీకెందుకే?”

ఆ చివరి ప్రశ్నలోనే మన న్యాయ వ్యవస్థ సమాచార విధానం మొత్తం ఉంది. అడిగిన గుమాస్తాను అనడానికి లేదు. ఆయన ముందున్న రూలు పుస్తకం ఆయనతో అట్లా అడిగిస్తుంది. 1990 నాటి సివిల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్ లెక్కన కేసులో ఉన్నవాడికి నకలు దరఖాస్తు చాలు. కేసులో లేనివాడు ‘థర్డ్ పార్టీ’. అతను ఫైలు ఎందుకు కావాలో కారణాలు రాసి, అఫిడవిట్ జతచేసి, జడ్జి గారి అనుమతి తెచ్చుకోవాలి. ఆ అఫిడవిట్‌లో ఏ కేసు ఫైలు కావాలో కూడా రాయాలి. అంటే ఏ కేసుందో కనుక్కోవడానికి, ఏ కేసుందో ముందుగా చెప్పాలి. కోడి ముందా గుడ్డు ముందా అని తలబద్దలు కొట్టుకున్నవాళ్లంతా ఒకసారి కాపీయింగ్ సెక్షన్‌కు వచ్చి పోవాలి.

“ఇప్పుడంతా ఆన్‌లైనే కదా” అంటారు, ఆన్‌లైన్‌లో ఎన్నడూ వెతకనివాళ్లు. ఈ-కోర్టుల సైటు ఉన్నమాట నిజమే. కేసుకు ఆధార్ లాంటి పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఉంటే వాయిదా తేదీ చిటికెలో చెబుతుంది, దాన్ని కాదనలేం. వకీలు పేరుతో వెతకొచ్చు, ఎఫ్ఐఆర్ నంబరుతో వెతకొచ్చు, కక్షిదారు పేరుతో వెతకొచ్చు. సర్వే నంబరుతో వెతికే గడి మాత్రం లేదు. జాగలు కొనేవాళ్లకు మన దగ్గర తెలిసేది సర్వే నంబరే, పేచీలు పుట్టేదీ దాని మీదే. అందుకే కాబోలు, దాన్ని వదిలేశారు.

పోనీ పేరుతో వెతుకుదామంటే, ముందు జిల్లా ఎంచుకోవాలి, తర్వాత కోర్టుల సముదాయం, తర్వాత సంవత్సరం, తర్వాత వంకర అక్షరాల పరీక్ష. ఆపైన పేరు ఇంగ్లిష్‌లో కొట్టాలి. లక్ష్మిని మన దగ్గర ఎక్స్ పెట్టి రాస్తారు, దిగువన కె-ఎస్-హెచ్ పెట్టి రాస్తారు. దావా వేసిన నాడు టైపిస్టు ఏది కొట్టాడో ఆ దేవతకే తెలియాలి. రాజయ్య అని కొడితే ఊళ్లో ఉన్న రాజయ్యలందరూ లైను కడతారు. వాళ్లలో మన రాజయ్య ఎవరో కనుక్కోవాలంటే తండ్రి పేరు, ఇంటి పేరు, ఫైలు కావాలి. ఫైలు ఎక్కడుందో పైన చెప్పుకున్నాం.

పాత కేసైతే మరో ముచ్చట. మంచిర్యాల జిల్లా 2016 అక్టోబరులో పుట్టింది. అంతకు ముందు జిల్లా కోర్టంటే ఆదిలాబాదే, ఉట్నూరు అడవుల మీదుగా పూట ప్రయాణం. 2022 జూన్ 2న రాష్ట్రంలో 33 జ్యుడీషియల్ జిల్లాలు మొదలై, జిల్లా కోర్టు మంచిర్యాలకే వచ్చింది, సంతోషం. కోర్టు దగ్గరికొచ్చింది, ఫైలు సంగతేమిటి? ఇరవై ఏండ్ల కిందటి కాగితం కోసం ఏ ఊరి రికార్డు రూము తలుపు తట్టాలో ముందే తెలుసుకునే సూచిక ఊళ్లో ఎవరి చేతిలోనూ లేదు. పాత రికార్డులను గడువు తీరాక నాశనం చేయడానికి మాత్రం 1917లోనే చట్టం తెచ్చుకున్నాం. కాల్చే చట్టానికి వందేండ్లు దాటాయి, చూపించే చట్టం ఇంకా పుట్టలేదు.

ఇన్నీ దాటి నకలు చేతికొచ్చిందనుకోండి, లోపలి తీర్పు తర్వాత చదువుదురు గానీ, ముందు దాని వెనకవైపు చూడండి. అక్కడ తేదీల వరస ఉంటుంది. దరఖాస్తు వేసిన తేదీ, స్టాంపులు అడిగిన తేదీ, స్టాంపులు కట్టిన తేదీ, నకలు తయారైన తేదీ, చేతికిచ్చిన తేదీ. స్టాంపులు అడిగిన సంగతి ఎవరూ ఇంటికొచ్చి చెప్పరు. నోటీసు బోర్డు మీద అంటిస్తారు. చూసుకోకుండా గడువు దాటితే దరఖాస్తు కొట్టేస్తారు, మళ్లీ మొదటి నుంచి మొదలు. ఈ ఆలస్యం ఏదో పొరపాటున జరుగుతున్నదనుకునేరు. 1963 లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ నకలుకు పట్టిన రోజులను అప్పీలు గడువులోంచి తీసేయమంటుంది. నకలు వెంటనే రాదని చట్టసభే ముందుగా ఒప్పుకుని, ఆ జాప్యానికి చట్టంలో కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

“సమాచార హక్కు ఉంది కదా, పది రూపాయలు కట్టి అడుగు” అని సలహా ఇచ్చే మిత్రులుంటారు. ఆ చట్టం 6వ సెక్షన్‌లో గొప్ప మాట ఉంది, అడిగేవాడు కారణం చెప్పనక్కర్లేదని. గుజరాత్‌లో ఒకాయన అదే నమ్ముకుని 2010లో హైకోర్టు కేసు కాగితాలు అడిగాడు. ఆ దరఖాస్తు కింది నుంచి పైదాకా నడిచీ నడిచీ 2020 మార్చి 4న సుప్రీంకోర్టులో ఆగింది. న్యాయ రికార్డుల నకళ్లు సమాచార హక్కు కింద రావు, కోర్టు రూళ్ల ప్రకారమే అడగాలి, థర్డ్ పార్టీ అయితే అఫిడవిట్‌తో కారణం చెప్పాలి అని తేలింది. మంత్రిగారి కారు డీజిలు ఖర్చుకు కారణం చెప్పనక్కర్లేదు. మీరు కొనబోయే జాగ మీది దావాకు చెప్పాలి.

ఇందులో ఇంకో చమత్కారం ఉంది. 2022 సెప్టెంబరు నుంచి సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం విచారణలు ప్రత్యక్ష ప్రసారమవుతున్నాయి. శ్రీరాంపూర్ క్వార్టర్లో మంచం మీద పడుకుని ఢిల్లీ వకీళ్ల వాదనలు సెల్‌ఫోన్లో చూడొచ్చు. ఆటో దూరంలో ఉన్న మంచిర్యాలలో మన పక్కింటి గోడ మీది దావా కాగితం మాత్రం చూడలేం. ఇదే ఊరి నుంచి అమెరికా పోయిన పిల్లగాడు అక్కడి ఫెడరల్ కోర్టు ఫైలును పేజీకి పది సెంట్లు కట్టి ఇంట్లో కూర్చుని తీసుకుంటాడు. ఆ రుసుము కూడా ఎక్కువేనని అక్కడివాళ్లు పోట్లాడుతున్నారు. “నీకెందుకు?” అని మాత్రం అక్కడ ఎవరూ అడగరు.

డబ్బు లేదా అంటే, ఉంది. ఈ-కోర్టుల మూడో దశకు 2023 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 7,210 కోట్లు ఇచ్చింది. రికార్డులన్నీ స్కాన్ చేయడం అందులో పెద్ద పద్దు. చేయండి, మంచిదే. చీకటి గదిలో ఉన్న కాగితాన్ని చీకటి సర్వర్లోకి మార్చినందువల్ల బాయి దిగిన మనిషికి ఒరిగేదేమిటో కూడా సెలవిస్తే బాగుంటుంది. తెలుగులో తీర్పు రాయడం కుదరదా అంటే, కుదురుతుందని 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టే ఒక భూ వివాదంలో రాసి చూపించింది. కుదిరిన పనిని అలవాటు చేసుకోకపోవడమూ ఒక సంప్రదాయమే కాబోలు.

దాచాల్సినవి ఉన్నాయి. పసిపిల్లల కేసులు, అత్యాచార బాధితుల పేర్లు, ఆలుమగల తగాదాలు గడప దాటకూడదు. దానికి చట్టాలున్నాయి, ఉండాలి. వాటిని అడ్డం పెట్టుకుని సర్వే నంబరుకు కూడా ముసుగేస్తే ఎట్లా? రెండు వందల గజాలకు మానమర్యాదల సమస్యేమీ లేదు.

ఇవన్నీ సరిచేయడానికి పార్లమెంటు దాకా పోనక్కర్లేదు. రూళ్లు మార్చుకునే అధికారాన్ని సివిల్ ప్రొసీజర్ కోడ్ 122వ సెక్షన్ హైకోర్టు చేతిలోనే పెట్టింది. స్థిరాస్తి దావా దాఖలైన రోజే ఊరు, సర్వే నంబరు వెబ్‌సైటుకు ఎక్కాలి. ముగిసిన కేసు తీర్పు ఎవరడిగినా కారణం అడగకుండా ఇవ్వాలి. స్టాంపులు కట్టమన్న కబురు నోటీసు బోర్డుకు కాదు, దరఖాస్తుదారు ఫోనుకు పోవాలి. ఈ మూడూ చేసేదాకా 52వ సెక్షన్ చట్టం కాదు, మాటు వేసిన ఉచ్చు. చట్టం తెలియదంటే కోర్టు క్షమించదు, దావా తెలియదన్నా క్షమించదు. క్షమించకపోతే పోయింది, దావా ఉందో లేదో ముందుగా చెప్పమనండి.