కాఫీ గట్టు ముందు, వంటగది తర్వాత

వంటగది తిరగగట్టిస్తున్నారా? అయితే ఫ్రిజ్ ఎక్కడ, చిమ్నీ ఎక్కడ, మైక్రోవేవ్ ఎక్కడ అనే లెక్కలన్నీ కాసేపు పక్కన పెట్టండి. ముందు కాఫీ ఎక్కడ పెట్టుకుంటారో తేల్చండి. ఆ జాగా ఖాయమయ్యాక మిగిలిన చోట్లో స్టవ్, ఫ్రిజ్, గిన్నెల అరలు సర్దుకుంటాయి. ఇంటీరియర్ డిజైనర్లు దీనికి ఒప్పుకోరు. వంటగదంతా గీసేసి, చివర్లో మిగిలిన మూడడుగుల మూలకు ‘కాఫీ బార్’ అని పేరు రాసి, నాలుగు లైట్లు తగిలించడం వాళ్ళ పద్ధతి. నా సలహా దానికి సరిగ్గా తలకిందులు. తలకిందులని తెలిసే చెబుతున్నాను.

రోజులో మొదట వంటగది తలుపు తెరుచుకునేది కాఫీ కోసం. అప్పటికింకా తెల్లారదు, మిగతావాళ్ళెవరూ లేవరు, లేచిన ఆ ఒక్క మనిషికీ కళ్ళు పూర్తిగా తెరుచుకోవు. తర్వాత వంట చేసేటప్పుడు నాలుగడుగులు ఎక్కువ నడవాల్సి వచ్చినా ఎవరూ పట్టించుకోరు. తెల్లవారుజామున అయిదింటికి గ్లాసు ఒక చోట, పొడి ఒక చోట, నీళ్ళు ఇంకో చోట ఉంటే మాత్రం ఆ నడకంతా ఆ మనిషి మీద పడుతుంది. చాలా ఇళ్ళలో ఆ మనిషి అమ్మ. కొన్నిట్లో నాన్న. పెద్దవాళ్ళున్న ఇంట్లో తాతగారో మామ్మగారో. కాఫీ గట్టు వాళ్ళది. తాగేవాళ్ళ అభిప్రాయాలు ఇందులో అక్కర్లేదు. చుట్టాలొస్తే ఎలా కనిపిస్తుంది అనే ప్రశ్న అసలే అక్కర్లేదు.

అందుకే కాఫీ బార్‌ను హాల్లోకీ, డైనింగ్ టేబుల్ పక్కకీ తీసుకురావద్దంటాను. పుస్తకాల్లో, ఫోన్లలో కనిపించే ఆ ముచ్చటైన మూలలు ఎక్కువగా అమెరికా ఇళ్ళవి. అక్కడి కాఫీకి యంత్రం, నీళ్ళు, కరెంటు ఉంటే చాలు, పాలు వేసుకున్నా ఫ్రిజ్‌లోంచి తీసి కాసిని ఒంపుతారు. కాబట్టి ఆ మూల పొయ్యికి ఎంత దూరంలో ఉన్నా నష్టం లేదు. మన కాఫీలో సగానికి పైగా కాచిన పాలే. పాలు పొంగుకొస్తుంటే హాల్లో నిలబడి డికాషన్ కొలుచుకోవడం కుదరదు. కాఫీ గట్టు ముందు నిలబడ్డ మనిషి అడుగు కదపకుండా ఒక చెయ్యి చాస్తే పొయ్యి బర్నరు, రెండో చెయ్యి చాస్తే కుళాయి అందాలి.

ఇక్కడ వాస్తు అడ్డొస్తుంది. పొయ్యి ఆగ్నేయంలో, నీళ్ళు ఈశాన్యంలో ఉండాలనీ, రెండూ పక్కపక్కన ఉండకూడదనీ చెబుతారు. నమ్మకం ఉన్నవాళ్ళతో నాకు తగువు లేదు. పెద్ద పొయ్యినీ పెద్ద సింకునూ వాళ్ళు చెప్పిన దిక్కుల్లోనే పెట్టుకోండి. కాఫీ గట్టు దగ్గర మాత్రం ఒంటి బర్నరు స్టవ్ ఒకటి, జానెడు వెడల్పు చిన్న సింకు ఒకటి వేయించండి. వాటికి నీళ్ళ గొట్టం, డ్రైనేజీ గొట్టం, గ్యాస్ గొట్టం గోడ పగలగొట్టినప్పుడే వెయ్యాలి. టైల్స్ అతికించాక గుర్తొస్తే మళ్ళీ పగలగొట్టుడే. ఒక వంటగదికి రెండు పొయ్యిలు, రెండు సింకులు ఏమిటని మేస్త్రి అడుగుతాడు. వెయ్యమనండి.

గోడలో ఒక గూడు చెక్కించండి. పాత ఇళ్ళలో దీపానికీ, ఉప్పు జాడీకీ గూళ్ళు ఉండేవి. ఫిల్టరుకు అంతకంటే మంచి చోటు లేదు. రాత్రి పొడి వేసి, వేడినీళ్ళు పోసి, మూత పెడితే డికాషన్ చుక్క చుక్కగా దిగుతుంది. ఆ సేపంతా ఫిల్టరును ఎవరూ కదపకూడదు. కదిపితే సర్దుకున్న పొడి చెదిరి, నీళ్ళు దారి వెతుక్కుని గబగబా దిగిపోతాయి, డికాషన్ పలచనవుతుంది. గట్టు మీద పెడితే ఎవరో ఒకరి మోచెయ్యి తగలక మానదు. తొమ్మిదంగుళాల ఇటుక గోడైతే నాలుగున్నర అంగుళాల లోతు గూడు సులువుగా వస్తుంది. చిన్న ఫిల్టరుకు అది చాలు. పెద్ద ఫిల్టరు వాడే ఇల్లయితే గూటి అడుగు రాయిని రెండంగుళాలు బయటికి జరిపి పరిపించండి. నాలుగంగుళాల అడ్డుగోడను మాత్రం తొలవకండి. హైదరాబాదులో ఇప్పుడు కడుతున్న చాలా పెద్ద అపార్ట్‌మెంట్లలో గోడలు మైవాన్ పద్ధతిలో పోసిన కాంక్రీటు గోడలు. వాటిని చెక్కడం పూర్తిగా నిషిద్ధం, భవనం బరువు మోసేది అవే. అలాంటి చోట రాతి పలకలతో గోడకు ఆనించి బయటికే ఒక గూడు కట్టించుకోండి.

కాఫీ గట్టును మిగతా గట్టు కంటే రెండు మూడు అంగుళాలు కిందికి దించండి. ఈ మాట అనగానే డిజైనరు ముఖం చిట్లిస్తారు. గట్టంతా ఒకే ఎత్తులో, ఒకే గీతగా ఉండాలని వాళ్ళ పట్టు. మన గట్లు మామూలుగా 32 నుంచి 34 అంగుళాల ఎత్తు కడతారు, కూరలు తరగడానికి అది సరే. కాఫీ కలిపే చేతికి కావలసింది వేరు. గ్లాసులోంచి దబరాలోకి, దబరాలోంచి గ్లాసులోకి ఎత్తు నుంచి పోస్తేనే పంచదార కరుగుతుంది, నురగ కడుతుంది. గట్టు ఎత్తుగా ఉంటే భుజం పైకి లేస్తుంది, కాఫీ ఒలుకుతుంది. అదే కారణంగా ఆ గట్టు పైన గోడ అలమార వద్దు. మూడడుగుల మేర గోడ ఖాళీగా వదిలెయ్యండి. అలమారలకు చదరపు అడుగు లెక్కన డబ్బు తీసుకునేవాళ్ళు ఆ ఖాళీని చూసి ‘స్టోరేజీ పోతుంది సార్’ అంటారు. పోనివ్వండి. పాల ఆవిరి రోజూ తగిలే చోట చెక్క ఎలాగూ నిలవదు. గట్టు కింది అరలకైనా ఐఎస్ 710 ముద్ర ఉన్న బీడబ్ల్యూపీ ప్లైవుడ్ అడగండి. ఎండీఎఫ్ అయితే తేమకు అంచులు ఉబ్బిపోతాయి.

గట్టుకు నల్ల గ్రానైటు. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో తీసే బ్లాక్ గెలాక్సీ ప్రపంచమంతా వెళుతుంది, మనకు అది ఇంటి పక్క సరుకు. తెల్ల పాలరాయి జోలికి పోవద్దు. కాఫీలో పులుపు ఉంటుంది, పాలరాయి కాల్షియం కార్బొనేటు, ఒలికిన చోట మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. క్వార్ట్జ్ పలకలో రాతిపొడిని రెజిన్‌తో కలిపి బిగిస్తారు. పొయ్యి మీంచి దించిన పాలగిన్నె నేరుగా పెడితే ఆ రెజిన్ రంగు మారుతుంది. నిద్రకళ్ళతో ఉన్న మనిషి గిన్నె కింద ప్రతిసారీ ఏదో ఒకటి వెయ్యాలని అడిగే గట్టు మనకెందుకు?

ఎస్‌ప్రెస్సో యంత్రం కొనవద్దనే నా సలహా. ఆ డబ్బుతో ఇందాక చెప్పిన సింకు, బర్నరు, గూడు మూడూ వస్తాయి. అయినా కొని తీరతామంటే దానికి తగిన కరెంటు ముందే ఏర్పాటు చేసుకోండి. 1500 వాట్ల కెటిల్ కూడా 230 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. అంటే మామూలు 6 ఆంపియర్ల సాకెట్ దానికి చాలదు. 16 ఆంపియర్ల సాకెట్లు రెండు పెట్టించి, డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి వాటికి విడిగా లైను లాగించండి. తీగ 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదు, 4 అయితే ఇంకా మంచిది. సాకెట్లు చిన్న సింకుకు ఎదురుగా కాకుండా పక్కకు, గట్టుకు అడుగు ఎత్తున ఉండాలి.

పొడి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందం పేరుతో జరిగే అన్యాయం అంతా ఇక్కడే జరుగుతుంది. తెరిచిన అరల్లో గాజు జాడీలు వరసగా పేర్చి, ఒకదాంట్లో గింజలు, ఒకదాంట్లో పొడి పోసి, వాటి మీద పసుపుపచ్చ లైటు వేస్తారు. కాఫీకి శత్రువులు నాలుగు: గాలి, వెలుతురు, వేడి, తేమ. ఆ అలంకారంలో నాలుగూ కలిసి వస్తాయి. వేయించిన గింజ లోపల వాసన కొన్నాళ్ళు దాగి ఉంటుంది. పొడి చేశాక గాలి తగిలే ఉపరితలం ఎన్నో రెట్లు పెరుగుతుంది కనుక ఆ వాసన రోజుల్లో పోతుంది. అరకు లోయలో గిరిజన రైతులు పండించే అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంత కొండ ఎక్కి కోసిన పండును, అంత శ్రమపడి ఎండబెట్టి వేయించిన గింజను గాజు జాడీలో పోసి లైటు కింద చంపడానికి మనకు మనసెలా ఒప్పుతుంది?

కాబట్టి కాఫీ గట్టులో నిల్వకు చోటే ఉంచకండి. ఒక చిన్న సొరుగు చాలు. పొయ్యికి అవతలి వైపు, ఆవిరి తగలనంత కిందుగా. అందులో బిగుతు మూత ఉన్న రెండు స్టీలు డబ్బాలు పట్టాలి, మూడోది పట్టకూడదు. చోటు లేకపోతే నెల సరుకుల్లో అరకిలో పొడి తెచ్చిపెట్టే అలవాటు దానంతట అదే పోతుంది. వారానికోసారి గ్రైండింగ్ షాపుకు వెళ్ళి, కళ్ళముందు ఆడించిన పొడి వందో నూటయాభయ్యో గ్రాములు తెచ్చుకోండి. ప్యాకెట్ కొనేవాళ్ళు దాని మీది అంకెలు చదవండి. చికోరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదనీ, ఏది ఎంత ఉందో ప్యాకెట్ మీద రాయాలనీ మన ఆహార భద్రతా నిబంధన. చికోరీ తేమను ఇట్టే పీల్చి గడ్డకడుతుంది. అది ఎక్కువైనకొద్దీ డబ్బా పొయ్యికి అంత దూరం జరగాలి.

నీళ్ళు కూడా గట్టు గీసేటప్పుడే ఆలోచించాల్సినవి. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. కెటిల్ అడుగున తెల్లగా పేరుకునేది అదే, యంత్రం కొన్నవాళ్ళ బాయిలరును పాడుచేసేదీ అదే. అలాగని ఆర్‌వోలో లవణాలన్నీ తీసేసిన నీళ్ళు పోస్తే కాఫీ చప్పబడుతుంది. లీటరుకు 150 మిల్లీగ్రాముల దరిదాపుల్లో లవణాలుండే నీళ్ళను కాఫీ నిపుణులు మంచివంటారు. ఆర్‌వో యంత్రాల్లో చాలావాటికి ఆ అంకె మార్చుకునే మర ఉంటుంది, బిగించడానికి వచ్చిన మనిషితోనే సరిచేయించుకోండి. నీళ్ళ ఫిల్టరు కుళాయి కాఫీ గట్టు మీదికే రావాలి. భోజనానికి నీళ్ళు పట్టుకునేవాళ్ళు నాలుగడుగులు నడిచి ఇక్కడికే వస్తారు.

కాఫీ ఫిల్టరు పైగిన్నె చిల్లులు పూడుకుపోతే పట్టకారుతో పట్టుకుని మంట మీద కాసేపు కాల్చడం మన ఇళ్ళలో అందరికీ తెలిసిన వైద్యం. ఇరుక్కున్న పొడి మాడి రాలిపోతుంది. వంటగది తిరగగట్టేటప్పుడు గ్యాస్ పూర్తిగా తీసేసి ఇండక్షన్‌కు మారాలనుకునేవాళ్ళు ఈ ఒక్క పని కోసమైనా ఒక బర్నరు ఉంచుకోండి. డాలస్‌లో, న్యూజెర్సీలో గాజు పలక పొయ్యిలున్న మన వాళ్ళకు ఆ వీలు లేదు. సన్నని బ్రష్షు ఒకటి, వేడినీళ్ళలో నానబెట్టడానికి ఒక గిన్నె కాఫీ సింకు దగ్గరే ఉంచుకోవాలి. పిప్పి మాత్రం ఎక్కడా సింకులో పారబొయ్యకండి. అది గొట్టం వంపులో పేరుకుంటుంది. గట్టు కింద మూత డబ్బా పెట్టి, నిండాక మొక్కలకు వెయ్యండి.

అలంకారానికి వస్తే, వద్దు. ‘కాఫీ’ అని రాసిన చెక్క బోర్డు, ప్లాస్టిక్ తీగలు, కొక్కేలకు వేలాడే కప్పులు ఏవీ వద్దు. వేలాడే కప్పుల మీద పోపు జిడ్డు చేరుతుంది, తాగేముందు మళ్ళీ కడగాలి. ఖాళీ గోడకు ఒక మేకు కొట్టి పాల లెక్క రాసుకునే క్యాలెండర్ తగిలించండి. లైటు ఒక్కటి, కళ్ళలో పడకుండా గట్టు మీద మాత్రమే పడేలా. అంతే.

ఎత్తు స్టూళ్ళు వరసగా వేసి అందరూ అక్కడే కూర్చుని తాగాలనే ఆలోచన కూడా మానుకోండి. తాగేవాళ్ళు బాల్కనీలో, అరుగు మీద, పేపరు పక్కన తాగుతారు. కాఫీ గట్టు దగ్గర ఒక్కటే ఆసనం ఉండాలి. వీపుకు ఆనుడు ఉన్నది, కాళ్ళు నేలకు అందేది. అది కాఫీ పెట్టే మనిషిది. ఇంటిల్లిపాదికీ కలిపి ఇచ్చాక, ఆ మనిషి తన గ్లాసును గట్టు అంచున పెట్టి, నిలబడే, చల్లారాక తాగడం ఎన్ని ఇళ్ళలో చూడలేదు మనం? ఆ కుర్చీకి చోటు లేకపోతే ఫ్రిజ్‌ను హాల్లోకి జరపండి. కుర్చీని మాత్రం తీసెయ్యకండి.

డిజైనరు రంగుల డ్రాయింగు తెచ్చి సంతకం అడుగుతారు. సంతకం పెట్టేముందు ఆ కాగితం, ఒక పెన్సిలు మీ ఇంట్లో పొద్దున్నే లేచి కాఫీ పెట్టే మనిషి చేతికివ్వండి. ఆ మనిషి కొట్టేసినవన్నీ కొట్టేయించి, కొత్తది గీయించుకుని, అప్పుడు అడ్వాన్సు ఇవ్వండి.