ఒక షాక్ అబ్సార్బరు ఆత్మకథ

2018కి ముందటి హార్లీ డేవిడ్సన్ సాఫ్టెయిల్ బండికి గేరుపెట్టె క్రింద, నేలకు సమాంతరముగా శయనించియుండు షాక్ అబ్సార్బరును నేను. నా ప్రక్కనే నా కవల సోదరుడును గలడు. 1958లో డ్యుయోగ్లైడ్ అను బండి వచ్చువరకు ఆ సంస్థవారి పెద్ద బండ్లకు వెనుక చక్రమువద్ద స్ప్రింగులే లేవు. ఆ పాతబండ్ల రూపముపై మోజు తీరని జనులకొరకు, మమ్ము కంటికి కానరాకుండ దాచునట్టి ఉపాయమును బిల్ డేవిస్ అను మిస్సోరీ ఇంజనీరు కల్పింపగా, 1984లో సాఫ్టెయిల్ వెలువడెను.

గతుకు తగిలినపుడు తక్కిన బండ్ల షాకులు సాధారణముగా కుంచించుకొనును, మేము సాగుదుము. కావుననే, బండి ఎత్తును దింపదలచినవారు అన్యత్ర పొట్టి షాకులు బిగించుచుండగా, మమ్ము మాత్రము పొడిగింపవలసియుండును. ఈ వైపరీత్యము నాకు గర్వకారణము.

నా యజమానురాలు పొట్టి మనిషి. కూడలివద్ద ఆగినప్పుడెల్ల మునివ్రేళ్లు మాత్రమే నేలనంట, మూడువందల కిలోలకు మించిన భారమును నిలుపుటకు ఆమె పడు యాతన నాకు తెలియుచునేయుండెను. మెకానిక్కు మమ్ము పొడిగించి వెనుకభాగమును రెండంగుళములు దింపగానే ఆమె అరికాళ్లు నిండుగా నేలనానినవి. అందువలన ఆమెకు కలిగిన ధైర్యమును నేనెన్నడును చిన్నచూపు చూడను.

అయితే చక్రము పైకి లేచుటకు మాకున్న అవకాశమే నాలుగంగుళములకు అటునిటు. అందు సగము ముందే హరించిపోగా, కాంక్రీటు పలకల అతుకులవద్ద నేను మ్రింగవలసిన దెబ్బ తిన్నగా ఆమె వెన్నుపూసకు చేరుచుండెను. ఓజార్కు కొండల మలుపులలో కొద్దిగా వంగినంతనే ఫుట్‌బోర్డులు తారును గీకెను. వెనుక మాత్రమే దిగుటచే ముందరి ఫోర్కు మరింత వాలి హ్యాండిలు మందగించెను. హెడ్‌లైటు రోడ్డును విడిచి చెట్లకొమ్మలను వెదకెను.

తుదకు మెకానిక్కు మమ్ము ఒక్క అంగుళమునకే సరిపెట్టి, తక్కువైన కదలికకు తగినట్లు బిగువు హెచ్చించి, ఫోర్కును సమముగా దింపి, మిగిలిన కొరతను పలుచని సీటుతో తీర్చెను. మునుపటి మెత్తదనము పూర్తిగా రాలేదు, కాని గతుకువద్ద మా కదలిక తుదకంటి దెబ్బకొట్టుట మానినది. సైడుస్టాండు మాత్రము దిగిన బండికి పొడవగుటచే, నిలిపినపుడు బండి చాలినంత ఒరగక కుడివైపునకు తూలబోవుచున్నది. దానికి బదులు కురచ స్టాండు తెప్పించుచున్నారు.