మంచినీళ్ళ లెక్క

ఆ నోటుపుస్తకం పేజీల ఫొటోలు నా ఫోనులో ఉన్నాయి. తొమ్మిది నెలలపాటు ఏ ఊళ్ళో శిక్షణ శిబిరం పెట్టినా ముందు అవే చూపించేవాణ్ణి.

నేను అవుట్‌బోర్డు ఇంజన్ల మెకానిక్‌ని. కాకినాడ నుంచి ఉప్పాడ మీదుగా పైకి పోయే తీరంలో, ఫైబరు బోట్ల వెనక తగిలించే 9.9 హార్స్‌పవర్ ఇంజన్లని ఇరవై ఏళ్ళుగా విప్పి బిగిస్తున్నాను. పెట్రోలుతో స్టార్టు చేసి కిరసనాయిలు మీదికి మార్చుకునే ఇంజన్లు. ఒక్కోటి లక్ష రూపాయల పైమాట. చాలామందికి అది అప్పు చేసి కొన్నదే. పదేళ్ళు పనిచేయాల్సిన ఇంజను మూడో ఏడాదికే నా బల్ల మీదికి వస్తే కడుపు తరుక్కుపోయేది. హెడ్డు విప్పితే లోపల నీళ్ళు తిరిగే దారులన్నీ ఉప్పుతో పూడిపోయి ఉండేవి. స్క్రూడ్రైవరుతో గీకితే పెచ్చులు పెచ్చులుగా రాలేది.

సముద్రపు నీళ్ళలో లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పుంటుంది. ఈ ఇంజనుకి రేడియేటరు ఉండదు. పంకా పైనున్న జాలీలోంచి ఆ నీళ్ళనే ఒక రబ్బరు ఇంపెల్లరు లాక్కుని, సిలిండరు చుట్టూ తిప్పి బయటికి వదుల్తుంది. వేటలో ఉన్నంతసేపూ బాధ లేదు. ఒడ్డుకొచ్చి ఆపేశాక లోపల మిగిలిన తడి ఆ వేడికే ఆరిపోతుంది, ఉప్పు గోడలకి అంటుకుని ఉండిపోతుంది. రోజుకో పొర. దారి సన్నబడేకొద్దీ ఇంజను కాగుతుంది. ఒకరోజు పిస్టను పట్టేస్తుంది. అది నడిసముద్రంలో జరిగితే మనుషులు గాలి ఎటు తోస్తే అటు పోవాల్సిందే. అలా పోయి రెండోరోజుకి దొరికినవాళ్ళని నేను చూశాను. పెదాలు చిట్లిపోయి మాట రాలేదు వాళ్ళకి.

అందుకే శిబిరాల్లో గొంతు చించుకునేవాణ్ణి. పెద్ద డ్రమ్ములో జాలీ మునిగేదాకా మంచినీళ్ళు పోసి, ఇంజన్ని అందులోకి దించి, న్యూట్రల్‌లో పది నిమిషాలు నడపండి. వేడెక్కితేగాని లోపలి థర్మోస్టాటు తెరుచుకోదు, అది తెరుచుకుంటేగాని నీళ్ళు మూలమూలకీ పోవు. వెనకనుంచి సన్నటి ధార పడుతోందో లేదో కనిపెట్టి చూడండి. ధార ఆగితే వెంటనే ఇంజను ఆపండి, నీళ్ళు అందకపోతే ఇంపెల్లరు కాలిపోతుంది. ఇంతా చెప్పి చివర్లో మూడు మాటలు పట్టుబట్టి చెప్పేవాణ్ణి. వేటనుంచి వచ్చిన గంటలోపే కడగాలి, ఉప్పు ఆరి గట్టిపడితే లొంగదు. నిన్నటి నీళ్ళు మళ్ళీ వాడకూడదు, వాటిలో నిన్నటి ఉప్పూ నూనే ఉంటాయి. ఒక్కరోజు కూడా తప్పకూడదు, కావాలంటే పుస్తకం పెట్టి రాసుకోండి. "చంటిబిడ్డకి నీళ్ళుపోయడం మానేస్తామా?" అనేవాణ్ణి. అందరూ తలూపేవారు. ఇంజన్లు మాత్రం ఎప్పటిలాగే వచ్చేవి.

ఒక్క ఆయన విన్నాడు.

నలభై ఏళ్ళ మనిషి. శిబిరం అయిన వారానికి కొత్త ఇంజను కొన్నాడు. మరుసటేడు వేట నిషేధంలో, అందరిలాగే, సర్వీసుకి తెచ్చాడు. హెడ్డు విప్పి లైటు వేసి చూశాను. దారులన్నీ శుభ్రంగా ఉన్నాయి. వేలు పెట్టి తడిమితే గరుకు తగల్లేదు. ఏడాది సముద్రంలో తిరిగిన ఇంజనంటే ఎవరూ నమ్మరు.

"రోజూ కడుగుతున్నావా?" అన్నాను.

"ఆయ్. తమరు చెప్పినట్టేనండి, ఒక్కరోజు తప్పలేదు," అని సంచిలోంచి నోటుపుస్తకం తీశాడు.

తేదీ. ఒడ్డుకొచ్చిన టైము. కడిగిన టైము. ఎన్ని బిందెలు. ధార ఎలా ఉంది. చివర టిక్కు. గుండ్రటి అక్షరాలు, గీత తప్పని వరసలు. "12 బిందెలు" అని పేజీ నిండా. ఒకచోట "ధార సన్నగా ఉంది, నాన్న జాలీలో ఇసక తీశాడు" అని రాసి ఉంది.

"నాకు చదువు లేదు కదండీ, మా అమ్మాయి రాస్తుంది," అన్నాడు.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళ నా అరుపు ఒక్క ఇంట్లోనైనా పనిచేసింది. అప్పటికప్పుడు పేజీలు ఫొటోలు తీసుకున్నాను. ఆ తర్వాత కూడా నెలనెలా కొత్త పేజీలు వాట్సాప్‌లో వచ్చేవి. ఆ పిల్లే పంపేది.

వానలు తగ్గాక ఒకసారి అటు పోతూ వాళ్ళ ఇంటి దగ్గర ఆగాను. పదింపావు అయింది. ఇద్దరు మనుషులు ఇంజన్ని వెదురుబొంగుకి కట్టి భుజాల మీద మోసుకొచ్చారు. దగ్గరదగ్గర నలభై కిలోల బరువు. తండ్రి దాన్ని చెక్కకి బిగించి స్టార్టు చేసి, వలల్లో చేపలు విడదీయడానికి మళ్ళీ ఒడ్డుకి పరుగెత్తాడు. తల్లి అప్పటికే గంప ఎత్తుకుని అమ్మకానికి పోయింది. డ్రమ్ము దగ్గర ఆ పిల్ల ఒక్కతే నిలబడింది. పదకొండేళ్ళుంటాయేమో. బిందె పెట్టి పెట్టి గౌను ఒకవైపు తడిసి నడుముకి అంటుకుపోయింది. చూపు మాత్రం ధార మీదనుంచి తిప్పలేదు.

"నీళ్ళెక్కడివమ్మా?"

"ఊరి చివర కుళాయివి సార్. ఇక్కడ నుయ్యి ఉప్పన. కుళాయి ఎనిమిదింటికి ఇప్పుతారు, గంటే వదుల్తారు."

పన్నెండు బిందెలు. గంటలో.

ఇంజను ఆపాక పక్కన బిగించి ఉన్న జింకు ముక్కని వేలితో చూపించి అడిగింది. "ఇదెందుకు సార్ ఇలా అరిగిపోతుంది? మేం బాగానే కడుగుతున్నాం కదా?"

అలా అడిగినవాళ్ళు నాకు అంతకుముందు తగల్లేదు. ముచ్చటేసి అక్కడే కూర్చుని విడమర్చి చెప్పాను. ఉప్పునీళ్ళు లోహాన్ని తినకుండా ఉండవు. జింకు అల్యూమినియం కంటే త్వరగా లొంగుతుంది. అందుకని దాన్ని ముందు తింటాయి, ఇంజను జోలికి పోవు. దాన్ని పెట్టేదే అందుకు. సగం అరిగాక తీసి కొత్తది వేస్తాం. పిల్ల బుద్ధిగా విని, పుస్తకంలో ఆ రోజు వరస కింద "జింకు సగం" అని రాసుకుంది.

ఆ పేజీ కూడా ఊరూరా చూపించాను. "పదకొండేళ్ళ పిల్లకి తెలిసింది, మీకు తెలియదా?" అని పెద్దవాళ్ళని నిలదీశాను.

ఫిబ్రవరిలో వాళ్ళ ఊళ్ళోనే శిబిరం పెట్టాల్సి వచ్చింది. ఆదివారం వరండా వాడుకుంటామని అడగడానికి ప్రాథమికోన్నత పాఠశాలకి వెళ్ళాను. హెడ్‌మాస్టారు మర్యాదస్తులు, వెంటనే సరేనన్నారు. ఇంజను కడగడం గురించి అంత చెప్పేదేముంటుంది అని ఆయన అడిగేసరికి నేను ఉత్సాహంగా ఫోను తీశాను.

ఆయన పేజీని రెండు వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూశారు.

"ఇది మా ఆరో తరగతి పిల్ల రాతండి," అన్నారు.

"అవునండీ, చాలా చురుకైన పిల్ల," అన్నాను.

ఆయనేమీ అనలేదు. లోపలికెళ్ళి హాజరుపట్టీ తెచ్చి, నా ఫోను పక్కన పెట్టారు. జనవరి నెల. ఒక పేరు దగ్గర వేలు ఆనించి తేదీల వెంట జరపడం మొదలుపెట్టారు. నేను ఫోనులో అవే తేదీలు చూస్తున్నాను. ఇక్కడ టిక్కు, అక్కడ గైరుహాజరు. ఇక్కడ టిక్కు, అక్కడ గైరుహాజరు. ఒక మంగళవారం మాత్రం పుస్తకంలో "గాలి, వేట లేదు" అని ఉంది. పట్టీలో ఆ రోజు హాజరు.

"నీళ్ళ పని అయ్యేసరికి పదకొండవుతుందటండి. సగంలో రావడానికి సిగ్గుపడుతుంది. రెండుసార్లు ఇంటికెళ్ళి అడిగాను. ఎవరో పెద్ద మెకానిక్ సార్ చెప్పారు, ఒక్కరోజు కూడా తప్పకూడదని అన్నారు వాళ్ళ నాన్న."

వరండాలో పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. నాకు గొంతు పెగల్లేదు. తుఫాను రోజులు గుర్తొచ్చాయి, అప్పుడు వేట ఉండదు. కానీ ఆ రోజుల్లో బడికీ సెలవే. ఇంకేదైనా దొరుకుతుందేమోనని వెతుక్కుంటుంటే వేట నిషేధం తట్టింది.

"ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బోట్లు దిగవు కదండీ. 61 రోజులు. అప్పుడు కడిగే పనే ఉండదు. అప్పుడైనా రోజూ వస్తుంది కదా?"

"ఏప్రిల్‌లో వారం పదిరోజులు వస్తుందండి, పరీక్షలు రాస్తుంది. ఆ తర్వాత మాకు వేసవి సెలవులు. మళ్ళీ బడి తెరిచేది జూన్ 12న."

మాస్టారు పట్టీ మూశారు.

"పోయిన జూన్‌లో ఆ మూడు రోజులూ ముందు బెంచీలోనే కూర్చుందండి."