రెండు దారుల పెట్టె ఆత్మకథ

భిలాయి ఉక్కునగరంలో ఒక తెలుగు కుటుంబం ఉంటున్న సెక్టార్ క్వార్టర్‌లో, ముందుగది గోడకు బిగించి ఉన్న ఈ రౌటర్ రెండు ఇంటర్నెట్ కనెక్షన్లను ఒకేసారి వాడుకొనే యంత్రం. ఫైబర్ తీగ ఒకటి, 4జీ సిమ్ పెట్టె నుంచి వచ్చే తీగ ఇంకొకటి దాని వెనుకవైపు చేరుతాయి. తన కథ తాను చెప్పుకోవలసివస్తే, ఇంటివారు తనపై పెట్టుకున్న ఆశతోనే ఈ పెట్టె మొదలుపెట్టాలి. ఫైబర్‌లో సెకనుకు 30 మెగాబిట్లు, సిమ్‌లో 20 వస్తుంటే, రెండూ కలిసి పెద్ద ఫైలు 50 వేగంతో దిగుతుందని వారు అనుకున్నారు, దిగింది 30తోనే.

ఇది యంత్రం లోపం కాదు. సమాచారం ప్యాకెట్లు అనే చిన్న ముక్కలుగా ప్రయాణిస్తుంది. ఫైలు పంపే సర్వర్ ఆ ముక్కలను ఒకే ఐపీ చిరునామాకు, అంటే ఆ కనెక్షన్‌ను గుర్తించే సంఖ్యకు, పంపుతుంది కనుక రెండో కనెక్షన్ అందులో పాలుపంచుకోలేదు. భిలాయి మీదుగా పోయే హౌరా–ముంబై మార్గంలో పక్కపక్కన ఎన్ని లైన్లున్నా ఒక రైలు ఒక్క లైను మీదే నడుస్తుంది, రెండు రైళ్లు మాత్రం ఒకేసారి నడవగలవు. ఈ రౌటర్ చేసేదీ అదే, దీన్నే లోడ్ బ్యాలెన్సింగ్ అంటారు. మనుమరాలి ఆన్‌లైన్ క్లాసు ఫైబర్‌లోనూ, తాతగారు విజయనగరంలోని చెల్లెలితో మాట్లాడే వీడియో కాల్ సిమ్‌లోనూ సాగే సాయంత్రాల్లో, ముందున్న రెండు ఆకుపచ్చ దీపాలూ దేనికది మినుకుమంటూ ఉంటాయి, మాట ఎక్కడా తెగదు. ఈ పెట్టె పుట్టింది ఇందుకే.

దారులను నిజంగా ఒకటి చేయడం వేరే విద్య, దాని పేరు బాండింగ్. భిలాయి కర్మాగారంలో 130 మీటర్ల పట్టాలను వెల్డింగ్‌తో అతికి 260 మీటర్ల పట్టా చేస్తారు. నెట్‌వర్క్‌లో అలాంటి అతుకు పడాలంటే రెండు దారుల్లో వచ్చిన ప్యాకెట్లను మళ్లీ వరుసలో పేర్చే ఏర్పాటు అవతలి కొసన కూడా ఉండాలి. 2013లో ప్రయోగాత్మక ప్రమాణంగా వెలువడిన మల్టీపాత్ టీసీపీ ఇలాంటి పద్ధతే, అదే ఏడాది ఆపిల్ సంస్థ దాన్ని సిరి సేవకు వాడింది. అయినా ఒక దారి బాగా ఆలస్యమైతే, ముందే చేరిన ముక్కలు వెనుకబడినవాటి కోసం ఆగక తప్పదు.

రెండో కనెక్షన్‌కు డబ్బు కట్టబోయేవారు, దాన్ని వేగం కోసం తీసుకుంటున్నారో, ఒకటి తెగితే ఇంకొకటి ఉంటుందన్న భరోసా కోసమో ముందు తేల్చుకోవాలి. ఈ పెట్టె పూర్తిగా తీర్చగలిగేది రెండోదాన్నే.